హాల్డేన్ పండితుడును మన మేనరికములును

జన్యుశాస్త్రము ఇరువదవ శతాబ్దముతో పుట్టి, ఆ శతాబ్దముతో పెరిగిన శాస్త్రము. మెండెల్ అను సన్యాసి తన మఠపు తోటలో బఠానీ మొక్కలపై చేసిన పరిశోధన 1866లో అచ్చుపడినను, పండితలోకము దానిని సరకుచేయలేదు. 1900లో అది తిరిగి వెలుగులోనికి వచ్చెను. నాటినుండి ఈ శాస్త్రమునకు పట్టుగొమ్మలైన నగరములు ఏవియని అడిగినచో కేంబ్రిడ్జి, లండను, న్యూయార్కు, లెనిన్‌గ్రాడు అని చెప్పుదురు. పిఠాపురమును, కాకినాడను ఎవరును చెప్పరు. ఆ రెండు ఊళ్లకును ఈ శాస్త్రచరిత్రలో ఒక చిన్న పుట కలదు. ఆ పుటను మీకు చదివి వినిపించుటయే నా యుద్దేశము. అందు ప్రధానపాత్రధారి ఒక ఆంగ్లేయుడు. ఆయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. కథ ఆయనదే యైనను, అందు విచారింపబడినది మన యిండ్లలోని మాట. అక్క కూతురును పెండ్లాడవచ్చునా, మేనమామ కూతురును చేసికొనవచ్చునా, చేసికొన్నచో బిడ్డలకేమగును అను ప్రశ్న తెలుగునాట వినని యిల్లు లేదు.

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చియు, గనులలో చేరు విషవాయువులను గూర్చియు పరిశోధించి ప్రసిద్ధికెక్కిన శాస్త్రజ్ఞుడు. ఆయన ఏ వాయువు మనుష్యుని ఏమిచేయునో తెలిసికొనుటకు ముందుగా తానే దానిని పీల్చి చూచెడివాడు. కుమారునకును ఆ విద్యనే నేర్పెను. ఒకమారు బాలుని గనిలోనికి కొనిపోయి, పైకప్పు దగ్గర వాయువు చేరిన చోట నిలువబెట్టి, షేక్స్పియరు నాటకములోని ఆంటొనీ ప్రసంగమును అప్పగింపుమనెను. బాలుడు కొంతదూరము చదివి, ఊపిరాడక, కాళ్లు తేలిపోయి నేలపై కూలెను. నేలమీద గాలి శుభ్రముగ నుండుటచే వెంటనే తేరుకొనెను. ఆ గనివాయువు గాలికన్న తేలికయని పుస్తకము చూడకయే ఆ బాలునకు జీవితాంతము జ్ఞప్తియందుండునట్లు తెలిసెను.

1901లో ఆ తండ్రియే కుమారుని మెండెల్ సూత్రములను గూర్చిన ఒక ఉపన్యాసమునకు తోడ్కొనిపోయెను. బాలునకప్పుడు ఎనిమిదేండ్లు. కొన్ని యేండ్లు గడచిన పిదప అన్నయును చెల్లెలును కలిసి ఇంటివద్ద గినీపందులను, తరువాత ఎలుకలను పెంచి వాని రంగులు తరతరమునకు ఎట్లు దిగుచున్నవో లెక్కలు వ్రాయసాగిరి. ఆ చెల్లెలు నవోమి మిచిసన్ అను పేర తరువాత గొప్ప నవలాకర్త్రి యయ్యెను. రెండు గుణములు ఒకే క్రోమోసోముపై దగ్గరగా నున్నచో అవి విడిపోక జంటగా దిగునని వారు ఎలుకలయందు కనుగొనిరి. క్షీరములిచ్చు జంతువులలో ఈ విషయమును చూపిన మొదటి పరిశోధన అదియే. యుద్ధము వచ్చిపడుటచే 1915లో అసంపూర్తిగనే ప్రకటించిరి. సహకర్తయైన స్ప్రంట్ అను యువకుడు ఆ యేడే యుద్ధమున మరణించెను.

హాల్డేన్ కళాశాలలో చదివినది గణితము, ప్రాచీన సాహిత్యము. విజ్ఞానశాస్త్రమున ఆయనకు పట్టము లేదు. మన విశ్వవిద్యాలయములలో నేడు ఆయన ఉపాధ్యాయ పదవికి దరఖాస్తు పెట్టుకొన్నచో అర్హత చాలదని త్రిప్పి పంపుదురేమో! యుద్ధమున బ్లాక్ వాచ్ అను స్కాట్లండు దళమున చేరి, ఫ్రాన్సులోను మెసొపొటేమియాలోను పోరాడి, గాయపడి, చికిత్సకై భారతదేశమునకు పంపబడెను. ఈ దేశము ఆయన మనస్సును ఆకర్షించెను. కాని పాలకజాతివాడుగా ఈ దేశమున తిరుగుట ఆయనకు రుచింపలేదు. ఇచ్చటివారితో సమానుడుగా కలిసి మెలగు రోజు వచ్చినప్పుడు తిరిగి వత్తునని తలపోసెను. ఆ తలపు నెరవేరుటకు నలువదేండ్లు పట్టెను.

ఆ నలువదేండ్లలో ఆయన చేసిన పని యంతయు చెప్పుటకు ఈ ప్రసంగము చాలదు. రెండు మూడు విషయములు మాత్రము చెప్పెదను. డార్విన్ చెప్పిన ప్రకృతివరణమును అంకెలలోనికి దింపిన ముగ్గురిలో హాల్డేన్ ఒకడు. తక్కిన యిరువురు ఫిషర్, రైట్ పండితులు. మాంచెస్టరు ప్రాంతమున పొగగొట్టముల మసివలన చెట్లు నల్లబడగా, 1848లో అరుదుగా కనిపించిన ఒక నల్లని చిమ్మట ఆ శతాబ్దాంతమునకు తెల్లని దానిని దాదాపుగ తొలగించెను. ఇంత త్వరగా ఈ మార్పు జరుగవలెనన్నచో తెల్లవి రెండు మిగిలిన చోట నల్లవి మూడు మిగిలియుండవలెనని హాల్డేన్ 1924లో లెక్కకట్టెను. అంత పెద్ద తేడాను అనాడు ఎవరును నమ్మలేదు. తరువాత అడవులలో పక్షులు తినిన చిమ్మటలను లెక్కించినవారు ఆ లెక్క వట్టిది కాదని చూపిరి.

1935లో ఆయన మనుష్యజన్యువు ఎంత తరచుగా చెడునో లెక్కకట్టెను. గాయమైనచో రక్తము గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధిగ్రస్తులు పూర్వము సంతానము కనకమునుపే మరణించెడివారు. అట్లయ్యు ఆ వ్యాధి లోకమునుండి మాసిపోలేదు. చచ్చువారితో పోవుచున్న చెడ్డ జన్యువులకు బదులు క్రొత్తవి పుట్టుచుండవలెను గదా! ఒక్కొక్క తరమున సుమారు ఏబదివేలలో ఒక జన్యువు క్రొత్తగా చెడుచున్నదని ఆయన తేల్చెను. జన్యువు దేనితో చేయబడినదో కూడ ఎవరికిని తెలియని కాలమున, కాగితము, కలము, ఆస్పత్రి జాబితాలు మాత్రమే సాధనములుగా తేల్చిన సంఖ్య యిది. నేడు జన్యువులలోని అక్షరములను ఒక్కొక్కటిగా చదువగలుగుచున్నాము. అయినను ఆ సంఖ్య ఇప్పటికిని లెక్కకు దగ్గరగనే నిలిచియున్నది.

మలేరియా ఉండు దేశములలో తలసేమియా అను రక్తవ్యాధి ఏల అధికముగ నుండునను ప్రశ్నకు ఆయన 1948లో స్టాక్‌హోము మహాసభయందు ఒక సమాధానము సూచించెను. తలిదండ్రులిరువురినుండియు చెడ్డ నకలు పొందిన బిడ్డకు వ్యాధి వచ్చును. ఒకరినుండి మాత్రమే పొందిన బిడ్డ మలేరియాను ఇతరులకన్న బాగుగ తట్టుకొనును. అందుచే ఒక చేతితో ప్రకృతి తుడిచివేయుచున్న జన్యువును మరియొక చేతితో కాపాడుచున్నది. 1954లో ఆలిసన్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో కొడవలికణ వ్యాధి విషయమున ఇట్టిదానినే చూపెను. మన మన్యప్రాంతపు గిరిజనులలో ఈ కొడవలికణ వ్యాధి కలదు. 2023లో భారత ప్రభుత్వము 2047నాటికి దానిని తొలగింపవలెనని ఒక జాతీయ ప్రయత్నమును ఆరంభించెను. మన రెండు రాష్ట్రములును అందులోనివే. శీతదేశపు సభలో చెప్పిన ఒక మాట మన మన్యపు గూడెములలోని రక్తపరీక్షవరకు ఎట్లు ప్రాకివచ్చినదో గమనింపుడు.

తండ్రి నేర్పిన విద్యను హాల్డేన్ ఎన్నడును విడువలేదు. 1939లో థీటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిరి. నీటి అడుగున మనుష్యుడెంత ఒత్తిడిని, ఎట్టి గాలిని ఓర్చుకొనగలడో తెలిసికొనుటకు ఆయన స్వయముగ ఉక్కుగదులలో కూర్చుండి ప్రయోగములు చేయించుకొనెను. చెవిపొరలు చిల్లులుపడెను, వెన్నెముక దెబ్బతినెను. తరువాత ఆయనకు భార్యయైన హెలెన్ స్పర్వే యను పరిశోధకురాలును ఆ గదులలో కూర్చుండెను. పరులకు హాని కలుగు ప్రయోగమును మొదట తనపై చేసికొనవలెననునది ఆయన నియమము.

ఇంతటి సత్యనిష్ఠగల వానికి ఒకచోట కాలు జారినది. దానిని దాచి ఆయన చరిత్రను చెప్పుట న్యాయము కాదు. హాల్డేన్ కమ్యూనిస్టు. ఆయన 1928లో సోవియట్ దేశమునకు పోయినది వావిలోవ్ అను మహాపండితుని ఆహ్వానముపైననే. ఆ వావిలోవ్ లోకమంతయు తిరిగి ధాన్యపు విత్తనములను సేకరించి, ఏ పంట ఏ దేశమున పుట్టెనో నిర్ణయించిన ఘనుడు. ఆతనికి ప్రత్యర్థిగా లైసెన్కో అనువాడు లేచెను. జన్యువులే లేవనియు, పంటలను మనము కోరినట్లు శిక్షణచే మార్చవచ్చుననియు లైసెన్కో వాదము. ప్రభుత్వము లైసెన్కో పక్షము వహించెను. 1940లో వావిలోవును బంధించిరి. విత్తనములను కాపాడి ఎందరికో అన్నము పెట్టదలచిన ఆ పండితుడు 1943 జనవరిలో సరతోవ్ చెరసాలలో తిండిలేక కృశించి మరణించెను. 1948 ఆగస్టులో లైసెన్కో తన సిద్ధాంతమును పార్టీ కేంద్రసంఘము ఆమోదించినదని సభలో ప్రకటించెను. దానితో ఆ దేశమున జన్యుశాస్త్రబోధనయే ఆగిపోయెను. ఆచార్యులు పదవులు కోలుపోయిరి.

ఆ సంవత్సరాంతమున బి.బి.సి. రేడియోవారు నలుగురు శాస్త్రజ్ఞులచే ఈ విషయమున ప్రసంగములు చేయించిరి. ఫిషర్, డార్లింగ్టన్, హార్లండు అను మువ్వురు లైసెన్కోను నిస్సంకోచముగ ఖండించిరి. నాలుగవవాడైన హాల్డేన్ మాత్రము ఖండింపలేదు. కొంత ఒప్పు, కొంత తప్పు అనునట్లు మాటాడెను. ఏ రేడియోలో శ్రోతలు ఆయననుండి నిజమును వినగోరిరో ఆ రేడియోలోనే ఆయన నిజమును సగము మ్రింగెను. 1950 ప్రాంతమున పార్టీనుండి తొలగెనే కాని, తొలగుటకు గల కారణమును బహిరంగముగ చాటలేదు. తన మరణానంతరము ప్రసారము చేయుటకై 1964లో ముందుగనే పట్టించి ఉంచిన స్వీయచరమప్రసంగమునందును లైసెన్కోను పూర్తిగ త్రోసివేయలేదు. ఈ విషయమున నేను ఆయనను సమర్థింపజాలను. గనిలోని వాయువు ఎవరి పక్షమున నున్నదని ఆయన ఎన్నడును అడుగలేదు. ఆ ప్రశ్ననే మాస్కోనుండి వచ్చిన వార్త విషయమున అడిగెను. విద్వాంసునకు ఇంతకన్న పెద్ద అపాయము లేదు.

1957లో హాల్డేన్ లండను విశ్వవిద్యాలయ కళాశాలలోని ఆచార్య పదవిని వదలి, భార్యతో కూడ భారతదేశమునకు తరలివచ్చెను. సూయజుకాలువపై బ్రిటను చేసిన దండయాత్రకు నిరసనగ వచ్చుచున్నానని పత్రికలవారికి చెప్పెను. మేజోళ్లు తొడుగుకొను బాధ తప్పునని వచ్చుచున్నానని పరిహాసమాడెను. కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన గణాంకశాస్త్ర సంస్థలో ఆయనకు కొలువు. మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు అప్పుడు ఆ సంస్థలోని ప్రముఖులలో ఒకరు. హాల్డేన్ కుర్తాను ధరించి, మాంసాహారమును మాని, భారత పౌరసత్వమును స్వీకరించెను. బేట్సన్, పన్నెట్ పండితులు 1910లో స్థాపించిన జన్యుశాస్త్ర పత్రికకు ఆయన సంపాదకుడు. ఆ పత్రికయు ఆయనతో కూడ మన దేశమునకు వచ్చెను.

ఇచ్చటి యువకులకు ఆయన చెప్పినది ఒక్కటే. ఖరీదైన యంత్రములు లేవని విలపింపకుడు. కన్నులున్నవి, లెక్కించుట వచ్చును, పెరటిలో చెట్లున్నవి. ఆయన శిష్యులలో ఒకడు పారిజాతపు పూవుల రేకులను లెక్కించెను. డేవిస్ అను మరియొకడు కొబ్బరిచెట్ల ఆకులు కొన్నిట కుడికిని కొన్నిట ఎడమకును ఏల తిరుగుచున్నవో పరిశీలించి, అది వంశపారంపర్యము కాదని చూపెను. జయకర్ నేలపై గ్రుడ్లు పెట్టుకొను చితవపిట్టల సంసారమును కనిపెట్టెను. పక్షులను చంపకయే వానిని గూర్చి తెలిసికొనవలెననియు, అట్టి అహింసాపరిశోధన భారతదేశమునకు తగినదనియు హాల్డేన్ వ్యాసము వ్రాసెను.

ఆ శిష్యులలో ఒకడు మనవాడు. ద్రోణంరాజు కృష్ణారావుగారు పిఠాపురమున జన్మించి, వృక్షశాస్త్రమున ఎం.ఎస్‌సి. చదివి, హాల్డేనునకు ఉత్తరము వ్రాసి, ఆయన వద్ద చేరెను. మొదట చేసిన పని సీతాకోకచిలుకలను కనిపెట్టుట. లాంటానా కంపకు గులాబివన్నె పూవులును నారింజవన్నె పూవులును పూయును. ఏ జాతి చిలుక ఏ రంగు పూవుపై ఎన్నిమారులు వ్రాలుచున్నదో ఆయన కూర్చుండి లెక్కవ్రాసెను. జాతికొక అభిరుచి యున్నదని తేలెను. చిలుకలకు రంగులపై ఇట్టి పక్షపాతమున్నచో, ఒకే మొక్కలోని రెండు రంగులవి క్రమముగ వేరుపడి రెండు జాతులు కావచ్చునా యనునది దాని వెనుకనున్న పెద్ద ప్రశ్న.

తరువాత ఆయన ఆంధ్రదేశపు కుటుంబములను పరిశీలించెను. కొందరు పురుషులకు చెవిదొప్పల అంచున వెండ్రుకలు గుత్తులుగా మొలచును. మన పల్లెలలో అది ఆయుర్దాయమునకు గుర్తందురు. తండ్రికున్నచో కొడుకులకును ఉండుట చూచి, కృష్ణారావుగారు వంశవృక్షములు గీసి, 1960లో ఈ గుణము పురుషులకు మాత్రమే యుండు వై క్రోమోసోముపై నున్నదని ప్రకటించెను. ఇది చాలకాలము పాఠ్యపుస్తకములలోనికెక్కెను. 2004లో జాబ్లింగ్ మొదలగువారు దక్షిణభారతపు పురుషుల వై క్రోమోసోములను అణుస్థాయిలో పోల్చి చూచి, చెవి వెండ్రుకలకు దానితో సంబంధము లేదని తేల్చిరి. నలువదినాలుగేండ్లకు ఒక తీర్పు మారినది. ఇందుచే ఎవరును చెరసాలకు పోలేదు, ఎవరి కొలువును పోలేదు. క్రొత్త సాక్ష్యము వచ్చెను, పాత మాట వెనుకకు పోయెను. లైసెన్కో రాజ్యమున జరుగనిదియు, శాస్త్రరాజ్యమున జరుగవలసినదియు ఇదియే.

ఇక మేనరికముల మాట. కృష్ణారావుగారును, మీరాఖాన్ అను వైద్యుడును కలిసి ఆంధ్రదేశమున దగ్గర చుట్టరికపు వివాహములు ఎన్ని జరుగుచున్నవో, వానివలన సంతానమునకేమి కలుగుచున్నదో సర్వే చేసి 1960లోను 1963లోను ప్రకటించిరి. ఐరోపాలో అట్టి వివాహములు నూటికి ఒకటి దొరకుట కష్టము. అక్కకూతురును పెండ్లాడుట అక్కడి కొన్ని దేశములలో చట్టవిరుద్ధము. ఇక్కడ అది సాధారణము. అందుచే ఇట్టి విచారణకు తెలుగుదేశమును మించిన చోటు లేదని హాల్డేన్ గ్రహించెను. 1962లో ఆయనయు జయకరును కలిసి మనుష్య సంబంధములనన్నిటిని గణితపద్ధతిని వరుసపెట్టి ఒక వ్యాసము వ్రాసిరి. మన ముసలమ్మలు వ్రేళ్లపై చెప్పు వరుసలను ఆ లండను ఆచార్యుడు సమీకరణములుగా వ్రాసెనని చెప్పవచ్చును.

ఆ గణితమును సులభముగ చెప్పెదను. మనలో ప్రతి జన్యువునకును రెండు నకళ్లుండును. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. దస్తావేజుకు రెండు ప్రతులున్నట్లు, ఒకటి చిరిగినను రెండవదానితో పని జరుగును. చిరిగిన నకలు లేని మనుష్యుడు లేడు. అయినను నా చిరుగు ఒకచోట, నా భార్య చిరుగు వేరొకచోట నుండుటచే బిడ్డలకు సామాన్యముగ బాధ యుండదు. దంపతులు ఒకే తాతమనుమలైనచో ఆ తాతగారి చిరుగే ఇరువురియందును ఉండవచ్చును. బిడ్డకు ఇరువైపులనుండి ఒకే పూర్వుని ఒకే నకలు చేరుటకు గల అవకాశము, మేనమామ మేనకోడలిని చేసికొన్నచో ఎనిమిదింట ఒకటి. మేనబావ మరదలిని చేసికొన్నచో పదునారింట ఒకటి.

మరియొక సూక్ష్మమున్నది. మేనమామ కూతురును, మేనత్త కూతురును మనము ఒక్క వరుసగనే చూతుము. ఎక్స్ క్రోమోసోము అట్లు చూడదు. తండ్రి తన ఎక్స్‌ను కుమారునకు ఇయ్యడు, కుమార్తెకే ఇచ్చును. అందుచే మేనత్త కూతురును చేసికొన్నవాని కుమార్తెకు ఎక్స్ విషయమున ఈ చుట్టరికముచే కలుగు అపాయము సున్న. మేనమామ కూతురును చేసికొన్నవాని కుమార్తెకు ఎనిమిదింట ఒకటి. మన పెద్దలు ఒకటిగా చూచిన రెండు పెండ్లిండ్లను ప్రకృతి రెండుగా చూచుచున్నది.

ఈ లెక్కలు విని ఎవరును బెదరవలసిన పనిలేదు. చుట్టరికము లేని దంపతుల బిడ్డలలో నూటికి ఇద్దరు ముగ్గురు ఏదో యొక పెద్దలోపముతో పుట్టుదురు. మేనబావ మరదళ్ల బిడ్డలలో మరి ఇద్దరు ముగ్గురు అధికమగుదురు. తొంబదిమందికి పైగా బాగుగనే యుందురు. మా యింటను మేనరికములు జరిగినవి. బిడ్డలు సుఖముగ నున్నారు. కాని నా యిల్లు ఒక్కటి బాగున్నంత మాత్రమున లెక్క అబద్ధమగునా? పూర్వము పదిమంది బిడ్డలలో నలుగురు జ్వరములతోను అతిసారముతోను పోవుచుండగా, జన్యులోపముతో పోయిన యొకనిని వేరుగ గుర్తించువారు లేకపోయిరి. నేడు అంటువ్యాధులు తగ్గినవి. మిగిలిన లోపము స్పష్టముగ కనిపించుచున్నది. పూర్వులకు లేని కష్టము మనకు వచ్చెనని కాదు. వారికి కనబడనిది మనకు కనబడుచున్నది.

మేనరికము మానినంతనే చుట్టరికము పోవునా? అదియు పూర్తిగ నిజము కాదు. వేల యేండ్లుగా ఒకే కులమున వివాహములు జరుగుచుండుటచే, పరాయివారనుకొన్న వారును దూరపు దాయాదులే. 1977లో హైదరాబాదున ఆరంభమైన కణ, అణుజీవశాస్త్ర కేంద్రమునకు చెందిన తంగరాజ్‌గారును, అమెరికాలోని రైక్ పండితుడును, సహచరులును 2017లో ఒక పరిశోధనను ప్రకటించిరి. దక్షిణాసియాకు చెందిన 263 సమూహములను పరిశీలింపగా, అందు 81 సమూహములు అతి కొద్దిమంది పూర్వులనుండి విస్తరించినట్లు తేలెను. ఇందు పదిలక్షలకు మించిన జనసంఖ్యగల కులములు 14 కలవు. తెలుగువారిలో వైశ్యులు ఇందుకు ఉదాహరణము. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు ఇచ్చు ఒక మందు సాధారణముగ కొన్ని నిమిషములలో విరిగిపోవును. వైశ్యులలో కొందరికి దానిని విరుచు రసము లోపించియుండుటచే గంటలకొలది ఊపిరి తీయజాలరు. ఈ సంగతి తెలిసిన మత్తువైద్యుడు ముందుగ విచారించి వేరు మందునిచ్చును. తెలిసినచో అది చిన్నమాట, తెలియనిచో ప్రాణాపాయము. ఏ కులమునకైనను ఇట్టి దేదో యొకటి ఉండును. ఇందు ఎక్కువతక్కువల ప్రసక్తి లేదు. హాల్డేన్ 1938లోనే వంశానుక్రమమును రాజకీయమును గూర్చి ఒక గ్రంథము వ్రాసి, జన్యుశాస్త్రమును చూపి మనుష్యులను మేలుజాతి కీడుజాతి యని విభజించుటకును, కొందరిని నిర్బంధముగ సంతానహీనులను చేయుటకును పాలకులకు హక్కులేదని వాదించియుండెను.

కలకత్తా సంస్థలో హాల్డేన్ చిరకాలము నిలువలేదు. అధికారులతో పొసగక 1961లో వదలెను. కార్యాలయపు కాగితములకొఱకు కాచుకొనియుండుట ఆయన స్వభావమునకు సరిపడలేదు. 1962లో ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయకు ఆహ్వానముపై భువనేశ్వరమున జన్యుశాస్త్ర పరిశోధనాలయమును నెలకొల్పెను. రెండేండ్లు తిరుగకమునుపే పురీషనాళమున పుట్టకురుపు కనబడెను. లండనులో శస్త్రచికిత్స పొందుచు, ఆస్పత్రి మంచముపైననే ఆ వ్యాధిని గూర్చి ఒక హాస్యగీతమును వ్రాసి పత్రికకు పంపెను. రోగులు సిగ్గుచే దాచక తొలుతనే వైద్యునివద్దకు పోవలెనని ఆయన కోరిక. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున మరణించెను. అప్పటికి వయస్సు 72 ఏండ్లు.

తన దేహమును దహనము చేయక, కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు ఈయవలెనని ఆయన మరణశాసనము వ్రాసియుండెను. 1958లో స్థాపింపబడిన ఆ కళాశాల అప్పటికి ఆరేండ్లది. విషవాయువు పీల్చిన ఆ శరీరము, ఉక్కుగదిలో నలిగిన ఆ వెన్నెముక, చిల్లులుపడిన ఆ చెవిపొరలు గోదావరిమండలపు విద్యార్థులకు పాఠ్యగ్రంథములయ్యెను. భార్య హెలెన్ స్పర్వే తరువాత హైదరాబాదున నివసించి, 1978లో అక్కడనే మరణించెను. కృష్ణారావుగారు అమెరికాలో స్థిరపడి, గురువు జీవితమును గూర్చి గ్రంథములు వ్రాసి, 2020లో కాలధర్మము నొందెను.

హాల్డేన్ మనకు మిగిల్చిన సొత్తు ఏది? మేనరికము మంచిదా చెడ్డదా యను తీర్పు కాదు. అట్టి తీర్పును ఆయన ఒక్క మాటలో చెప్పలేదు. చెప్పగల విషయమును కాదు. లెక్కించిన పిదప మాటాడుమను బుద్ధి ఆయన మిగిల్చిన సొత్తు. ఆ బుద్ధిని ఆయన ఒకచోట తానే మరచెనని చెప్పితిని. అందుచే ఆ బుద్ధి విలువ తగ్గదు. మనము చేయవలసిన పని చిన్నది. పెండ్లి సంబంధము చూచునప్పుడు జాతకములతోబాటు, ఇరువైపుల తాతముత్తాతల సంతతిలో ఏ బిడ్డ ఏ వ్యాధితో పోయినది, ఎవరికి చెవుడు, ఎవరికి రక్తదోషము అను మాటలను సిగ్గుపడక అడిగి వ్రాసియుంచుకొనవలెను. వైద్యుడు అడిగినప్పుడు దాచక చెప్పవలెను. వధూవరులకు చుట్టరికమున్నచో ఏయే పరీక్షలు చేయించుకొనవలెనో ముందుగ వైద్యుని అడిగి తెలిసికొనవలెను. తన చివరి శ్వాస తరువాతను దేహమును దాచుకొనక మన కాకినాడకు ఇచ్చిన వానికి, ఇంటి సంగతులను ఇంటివారియొద్ద దాచుకొనక చెప్పుకొనుటకన్న మించిన కృతజ్ఞత లేదని నా అభిప్రాయము.